జీను కింద నలుపు

నల్లగుర్రం ఒకటి తక్కువైంది.

మంగళవారం ఉదయం నుంచి కోటలోని ఆరు అశ్విక దళాలూ గుర్రాలను రంగుల వారీగా మార్చుకుంటున్నాయి. శుక్రవారం తనిఖీకి జనరల్ వస్తున్నాడు. ఒక్కొక్క దళం ఒక్కొక్క రంగు గుర్రాల మీద నడిస్తే కవాతు చూడముచ్చటగా ఉంటుందని పై అధికారులకు తోచింది. ఐదేళ్లు ఒకే గుర్రాన్ని తోమి, నీళ్లు దొరకని దారిలో తన వంతు నీళ్లు టోపీలో పోసి దానికి తాగించిన మనిషి, ఇప్పుడు ఆ కళ్లెం తీసుకెళ్లి ముక్కూమొహం తెలియని వాడి చేతిలో పెట్టి, బదులుగా ఒక నల్లగుర్రాన్ని తోలుకొచ్చుకున్నాడు. ఎవరూ ఎదురుచెప్పలేదు. జాబితా పట్టుకుని సార్జెంట్ ఈనస్ గ్యాడ్సన్ లాయం వాకిట్లో నిలబడి ఉండగా ఎదురుచెప్పే అలవాటు ఆ దళానికి లేదు.

గ్యాడ్సన్ తన గుర్రాన్నీ ఇచ్చేశాడు. తొమ్మిదేళ్ల తోడు. అది వెళ్తూ తల తిప్పి చూసిందో లేదో అతనికి తెలియదు. ఆ సమయానికి అతను జాబితాలో తర్వాతి పేరు చదువుతున్నాడు.

మధ్యాహ్నానికి లెక్క తేలింది. నలభై నాలుగు కావలసి ఉండగా నలభై మూడే వచ్చాయి. మిగిలింది లెమ్యుయెల్ బాస్కిన్ అనే సిపాయిది, ట్యాన్సీ అనే ఆడగుర్రం. ఎండిన ఇటుక రంగు. దానికి మారుగా ఇవ్వడానికి ఏ దళంలోనూ నల్లది మిగల్లేదు.

"పైనున్న దేవుడు నన్ను చూసే ఒకటి తక్కువ పుట్టించాడు," అన్నాడు బాస్కిన్, గుర్రం మెడ మీద చేయి వేసి. పక్కనున్న నలుగురు నవ్వారు. అంతలో ఒకడు, "పతకం వస్తోంది, నోళ్లు మూయండి," అని గొణిగాడు. దళంలో గ్యాడ్సన్‌కు యుద్ధంలో వచ్చిన పతకం వల్ల పడిన పేరు అది. అతనికి వినిపించింది. వినిపించినట్టు వాళ్లకూ తెలుసు.

కాప్టెన్ హాలోవెల్ ఆ దళానికి వచ్చి నాలుగు నెలలైంది. దళమంతా నల్లవాళ్లే, అధికారులు మాత్రమే తెల్లవాళ్లు. ఏ దళానికి ఏ రంగో చీటీలు వేయకముందే నలుపును కోరి తీసుకున్నవాడు హాలోవెల్.

"నల్ల మనుషులు, నల్ల గుర్రాలు," అన్నాడు బల్ల వెనకనుంచి. "దూరం నుంచి చూస్తే ఎక్కడ గుర్రం అయిపోయిందో ఎక్కడ మనిషి మొదలైందో తెలియకూడదు. జనరల్ నవ్వాలి. మధ్యలో ఒక ఎర్రది ఉంటే నవ్వడు."

"ఒకటి దొరకలేదండి. అడగని దళం లేదు."

"శనివారంతో నీ కొలువు గడువు తీరుతుంది కదూ?"

"అవునండి. మూడో ఐదేళ్లు."

కాప్టెన్ విడుదల కాగితం ఒకటి బల్ల మీద ఇటు తిప్పాడు. గ్యాడ్సన్‌కు దాన్ని చదవాల్సిన పని లేదు. అలాంటివి ఇంతకుముందు రెండు అందుకున్నాడు. పైన పేరు, ఊరు, ఎత్తు, చేసిన యుద్ధాలు. అన్నిటికీ అడుగున ఒకే ఒక్క వరుస: నడవడి. అక్కడ 'శ్రేష్ఠం' అని ఉంటే సోమవారం మళ్లీ చేరవచ్చు. ఆ వరుసను కత్తెరతో కత్తిరించి ఇచ్చే హక్కు కూడా కాప్టెన్‌దే. అడుగు తెగిన కాగితంతో ఏ కోట వాకిట నిలబడినా లోపలికి రానివ్వరు. ఎందుకని అడగరు కూడా. కాగితం పొడుగు చూస్తే చాలు.

"ఇది ఖాళీగా ఉంది," అన్నాడు కాప్టెన్ ఆ వరుస మీద వేలు పెట్టి. "నాకు నలభై నాలుగు నల్లగుర్రాలు కావాలి. ఎలా తెస్తావో నాకు చెప్పకు."

"చిత్తమండి."

మర్నాడు లాడాలు కొట్టే టాలీ నల్లరంగు కాచడానికి పొయ్యి మీద పెద్ద ఇనుప బాన ఎక్కించాడు. అక్రోటు కాయల పచ్చితొక్క, అన్నభేది, రెండు గుప్పిళ్ల ఇనుపరజను. టాలీకి అరవై దగ్గర పడ్డాయి. దళంలో గ్యాడ్సన్‌ను పేరు పెట్టి పిలిచేవాడు అతనొక్కడే.

"మా అమ్మ తోటలో బానిసగా ఉండగా దొరసాని ఇంట్లో చావు జరిగితే బట్టలకి ఇదే అద్దేది," అన్నాడు కర్రతో కలుపుతూ. "ఎంత ఉతికినా పోయేది కాదు. అయితే ఈనస్, బట్టకి చెమట పట్టదు."

"పలచన చెయ్యి."

"పలచన చేస్తే ఎర్రగానే ఉంటుంది."

పలచన చేశాడు. ఎర్రగానే ఉంది. ట్యాన్సీ తడిసిన ఇటుకలా తయారైంది. ఎండలో ఆరాక గ్యాడ్సన్ నాలుగు వైపులా తిరిగి చూసి, మళ్లీ కాచమన్నాడు, ఈసారి చిక్కగా. బాస్కిన్ కళ్లెం పట్టుకుని నిలబడ్డాడు. అతని దవడ బిగుసుకుని ఉంది. రెండో పూత మెడ మీద, రొమ్ము మీద, కాళ్ల మీద నల్లగా పట్టింది. టాలీ మూపు దగ్గర ఆగి, బ్రష్షు బానలో పెట్టేశాడు.

"నడుం మీద వద్దు," అన్నాడు. "జీను కప్పేస్తుంది."

"అక్కడా వెయ్యి."

"జీను కింద ఎవడు చూస్తాడండీ సార్జెంటుగారూ?" అన్నాడు బాస్కిన్.

"నేను చూస్తాను."

"మీరు చూడ్డానికి దాని తోలు ఊడాలా? రెండు పూతలు, పైన కంబళి, ఆ పైన జీను, పైన నేను, ఆ పైన ఈ ఎండ. అది గుర్రమండి, బూటు కాదు."

"ఒరేయ్ బాస్కిన్, సగం పని నా చేతిమీదుగా ఎప్పుడూ పోలేదు. నీ గుర్రం కోసం ఇప్పుడు మొదలుపెట్టను. పక్కకి జరుగు."

టాలీ బ్రష్షు తీయలేదు. గ్యాడ్సన్ చొక్కా చేతులు పైకి మడిచి, తానే బ్రష్షు తీసుకుని మూపు నుంచి తోక మొదలు వరకు వెంట్రుకలకు ఎదురుగా ఒకసారి, వాలుగా ఒకసారి పూశాడు. చేయి తిరిగిన పని. ఎక్కడా గీత పడలేదు. గుర్రం చర్మం చిన్నగా అదిరింది. పూర్తయ్యాక రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆ తృప్తి అతని ముఖంలో కనబడిందేమో, బాస్కిన్ నేల మీద ఉమ్మేశాడు.

గురువారం పొద్దున పదిగంటలకు కవాతు రిహార్సల్. మైదానం మీద గాలి లేదు. నడక, దుడుకు నడక, మళ్లీ నడక, మలుపు, బారు. మూడు గంటలు. నలభై నాలుగు నల్లగుర్రాలూ ఒకే వరుసలో తిరిగినప్పుడు వంటవాళ్లు కూడా గరిటెలు పట్టుకుని బయటికి వచ్చి చూశారు. కాప్టెన్ గడియారం మూత మూసి తల ఊపాడు.

జీనులు దించుతుండగా ట్యాన్సీ అరిచింది. కంబళి ఊడి రాలేదు. బాస్కిన్ నీళ్లు చల్లి అంచు నుంచి కొద్దికొద్దిగా ఎత్తాడు. కంబళితోపాటు నల్లటి పొర ఒకటి లేచి వచ్చింది. దాని కింద రెండు అరచేతుల మేర పచ్చి మాంసం.

గుర్రాలు దాణా సంచుల్లో ముక్కులు పెట్టి నములుతున్న చప్పుడు ఒక్కటే వినిపించింది.

కాప్టెన్ అప్పుడే అటు వచ్చాడు. పుండు చూశాడు. అంచుల్లో ఉన్న నలుపు చూశాడు. చేతి తొడుగు వేళ్లు ఒక్కొక్కటీ లాక్కుంటూ, "ఎవరిది?" అన్నాడు.

"బాస్కిన్‌దండి," అన్నాడు గ్యాడ్సన్.

"మీ దళంలో దీనికేదో నియమం ఉందని విన్నాను."

ఉంది. గుర్రం నడుము పుండు పడితే, దానికి కారణమైనవాడు ఆ జీనును తన భుజం మీద వేసుకుని, గుర్రాన్ని నడిపిస్తూ మైదానం చుట్టూ తిరగాలి. అది పై నుంచి వచ్చిన ఆజ్ఞ కాదు. పదకొండేళ్ల కిందట గ్యాడ్సనే పెట్టాడు. దానికొక పుస్తకం ఉంది: గుర్రం, పుండు, కారణం, కారకుడు. ఆ పుస్తకం పెట్టాక దళంలో పుండ్లు సగానికి తగ్గాయి. ఆ సంగతి మెచ్చుకుంటూ ఒక పాత కాప్టెన్ పైకి రాశాడు కూడా.

"రేపు ఇతన్ని జనరల్ ముందు నడిపించు," అన్నాడు కాప్టెన్. "దళం వెనకాల. మా క్రమశిక్షణ ఎలాంటిదో ఆయన చూడాలి. పుస్తకంలో రాయి. కారణం, కంబళి మడత సరిగా లేకపోవడం. కారకుడు, ఇతను."

బాస్కిన్ కంబళిని నేల మీద పరిచి, ఆరు మడతలుగా మడిచి, అంచులు కలిశాయో లేదో వేలితో తడిమి, కాప్టెన్ బూట్ల ముందు పెట్టాడు. కాప్టెన్ దాని పక్కనుంచి వెళ్లిపోయాడు.

పొద్దు వాలుతుండగా గ్యాడ్సన్ లాయం చివర దాణా గదిలో ఆ పుస్తకం తెరిచాడు. గుమ్మం దగ్గర నీడ పడింది. బాస్కిన్ టోపీ తీయలేదు.

"రాశారా?"

"రాస్తాను."

"అక్షరాలు గుండ్రంగా రాయండి. మీ చేతిరాత బావుంటుందని కోట పాదిరిగారు మెచ్చుకుంటారట."

"నోరు జాగ్రత్త."

"జాగ్రత్తగానే అంటున్నానండి. మీకా పతకం ఎందుకొచ్చిందో నేనూ విన్నాను. తూటాలు పడుతుంటే వాగులోంచి ఒక తెల్ల లెఫ్టినెంటుని వీపు మీద వేసుకొచ్చారట. మంచి పని. ఒడ్డుకి తెచ్చాక దింపెయ్యాల్సింది. ఇంతవరకూ దింపలేదు మీరు." ఒక్క క్షణం ఆగాడు. "ఆయన దిగిపోతే ఈయన ఎక్కాడు."

గ్యాడ్సన్ లేచి నిలబడ్డాడు. అతని చేయి పిడికిలి అయింది. వేళ్ల సందుల్లో, గోళ్ల కింద నిన్నటి నలుపు ఇంకా ఉంది. సబ్బుతో రెండుసార్లు కడిగినా పోలేదు. బాస్కిన్ కూడా అదే చూస్తున్నాడు.

"పో," అన్నాడు గ్యాడ్సన్.

అతను వెళ్లాక కలం సిరాలో ముంచాడు. గుర్రం: ట్యాన్సీ. పుండు: నడుము, రెండు వైపులా. కారణం అన్న గడి దగ్గర చేయి ఆగింది.

కాప్టెన్ మీదికి నెట్టడం తేలికే. ఈ పూటంతా మనసులో అతను చేస్తున్నది ఆ పనే. ఆజ్ఞ ఆయనది, శిక్ష ఆయనది, అబద్ధం ఆయనది. చెయ్యి మాత్రమే నాది. అలా అనుకున్నంతసేపూ ఊపిరి సాఫీగా ఆడింది. అయినా ఎక్కడో ఒక చోట ఆ మాట అతకలేదు. కాప్టెన్ నలుపు అడిగాడు. కనబడే నలుపు అడిగాడు. జీను కింద అడగలేదు. జీను కింద ఎవరూ అడగలేదు. టాలీ వద్దన్నాడు, బాస్కిన్ వద్దన్నాడు, గుర్రం చర్మం అదిరి వద్దని చెప్పింది. అక్కడ బ్రష్షు పెట్టింది ఆజ్ఞ కాదు. లోపం లేని పని చేసేవాడినన్న పేరు ఎవరూ చూడని చోట కూడా తనకు కావాలి. ఆ మాటకొస్తే తనను తాను చూసుకోవడం కోసమే పూశాడు. దానికి గుర్రం తోలు వాడుకున్నాడు.

పదకొండేళ్లుగా ఆ పుస్తకంలో కారకుడి గడిలో పేర్లు రాస్తున్నాడు. రాసేముందు ఒక్కనాడూ ఇంతసేపు కూర్చోలేదు.

కారణం: జీను కింద రంగు పూయడం. కారకుడు: సార్జెంట్ ఈ. గ్యాడ్సన్.

తడి సిరా మీద ఇసుక చల్లి, ఆరాక పుస్తకం మూశాడు. కాప్టెన్ ఎప్పుడూ ఆ పుస్తకం తెరవడు. రేపు దళం బారు తీరాక, మైదానంలోనే ఆయనకు తెలుస్తుంది. ఎల్లుండి ఆయన చేతికి కత్తెర వస్తుంది. రెండూ ఒకదాని తర్వాత ఒకటి స్పష్టంగా కనబడ్డాయి. భయం వేసింది. వాగులో తూటాల మధ్య వేయని భయం. నలభై మూడేళ్ల వయసులో, తెల్లారి బాకా మోగని చోట ఎలా లేవాలో అతనికి తెలియదు.

శుక్రవారం పతకాలున్నవాళ్లంతా పెట్టుకోవాలని ఉత్తర్వు. గ్యాడ్సన్ పెట్టుకున్నాడు. తనకు కొత్తగా వచ్చిన నల్లగుర్రం కళ్లెం తెచ్చి బాస్కిన్ చేతిలో పెట్టాడు.

"ఎక్కు. నా చోట కాదు, నీ చోటనే నిలబడు."

"ఇదేం ఎత్తండీ?"

"ఎక్కమన్నాను."

దళం బారు తీరింది. జనరల్ బండి, అధికారుల భార్యల బండ్లు అప్పటికే నీడ పట్టున ఆగాయి. కాప్టెన్ గుర్రం మీద చివరి వరకు వచ్చి, జీను భుజాన వేసుకుని ట్యాన్సీ పక్కన నిలబడ్డ గ్యాడ్సన్‌ను చూసి పగ్గాలు లాగాడు.

"ఇదేమిటి?" గొంతు తగ్గించి అడిగాడు.

"పుస్తకం ప్రకారమండి."

"నేనేం రాయమన్నాను?"

"కంబళి మడత అన్నారండి. మడత బాగానే ఉంది. మీరూ చూశారు."

కాప్టెన్ ముఖం ఎర్రబడి, తర్వాత పాలిపోయింది. బాకా మోగింది. ఆయన వెనుదిరగక తప్పలేదు.

గుర్రం మీద నుంచి చూసినప్పుడు, జీను మోసుకుంటూ నడిచేవాడు చిన్నగా కనబడతాడు. జీను తేలిగ్గా కనబడుతుంది. ఇన్నేళ్లూ గ్యాడ్సన్ అలాగే చూశాడు. మొదటి వంద అడుగుల్లో అతనికి తెలిసింది ఏమిటంటే, దాని చెక్క అంచు మెడ ఎముక మీదే ఆనుతుంది, ఎటు జరిపినా అక్కడికే వస్తుంది. పొట్టపట్టీ ఇనుప కడియం ప్రతి అడుగుకీ డొక్కలో పొడుస్తుంది. జీను ముందు భాగం పతకాన్ని ఛాతీకి అదమడంతో, దాని కొనలు చొక్కా దాటి లోపలికి దిగాయి. దళం దుడుకు నడక అందుకుంది. దుమ్ములో అతనూ ట్యాన్సీ వెనకబడ్డారు. దుమ్ము అణిగేసరికి ఆ మైదానంలో వాళ్లిద్దరే. ఒక బండిలోంచి ఆడవాళ్ల నవ్వు వినిపించింది. అతను తల తిప్పలేదు. జనరల్ ముందుకు వచ్చేసరికి వందనం చేయడానికి ఖాళీ చేయి లేదు. కళ్లు మాత్రం కుడికి తిప్పి నడిచాడు. ట్యాన్సీ అతనికి ఎంత దూరంగా నడవగలదో అంత దూరంగా, పగ్గం బిగుసుకునేట్టు, నడిచింది.

శనివారం ఉదయం కాప్టెన్ కోపంగా లేడు. అది గ్యాడ్సన్ ఊహించలేదు.

"జనరల్ నీ గురించి అడిగాడు," అన్నాడు. "పతకం ఉన్న సార్జెంటు జీను మోస్తున్నాడేమిటని. మీవాళ్లలో అదొక మొక్కు అని చెప్పాను. గుర్రానికి జబ్బు చేస్తే యజమాని అలా నడిచి దేవుడికి మొక్కు తీర్చుకుంటాడని. ఆయనకి చాలా నచ్చింది. ఇంటికి రాసే ఉత్తరంలో రాస్తానన్నాడు."

గ్యాడ్సన్ బల్ల మీది కాగితం వైపు చూశాడు.

"నువ్వు అక్కడ ఏం చెప్పదలుచుకున్నావో అది చెప్పినట్టు కాలేదు. అది నీకు తెలియాలి." కాప్టెన్ సొరుగులోంచి కత్తెర తీశాడు. కాగితం అంచులు సరిచూసుకుని, అడుగు వరుసను నిదానంగా, వంకర పోకుండా కత్తిరించాడు. తెగిన ముక్క బల్ల మీద చుట్టుకుంది. "నడవడి ఏమని రాయాలో నాకు తోచలేదు. తోచనప్పుడు ఇదే పద్ధతి."

"బాస్కిన్ సంగతి ఏమిటండి?"

"ఒక పుండుకి ఒక నడక. మీ పుస్తకం అదే కదా చెబుతుంది. నడక అయిపోయింది. తొమ్మిదింటికి రైలు ఆగే ఊరికి బండి వెళ్తుంది. ఎక్కు."

కాగితం నాలుగు మడతలు పెట్టబోయాడు గ్యాడ్సన్. మూడోదానికే అయిపోయింది.

బండి గేటు దగ్గర నిలిచి ఉంది. అతని కాళ్లు లాయం వైపు నడిచాయి. ఆ వేళకు రోజూ అటే నడిచేవి. గుర్రాలు బారుగా కట్టుతాడుకు కట్టి ఉన్నాయి. మనుషులు తోముతున్నారు. ఎవరూ నిటారుగా నిలబడలేదు. ఒకరిద్దరు చూసి, మళ్లీ దువ్వెనల మీదికి వంగారు. చివర బాస్కిన్ ఉప్పునీళ్లలో గుడ్డ ముంచి ట్యాన్సీ పుండు చుట్టూ తుడుస్తున్నాడు. గ్యాడ్సన్ తాడు ఎత్తి లోపలికి రాబోయాడు. ట్యాన్సీ చెవులు వెనక్కి వాల్చి పక్కకు జరిగింది.

"అక్కడే ఉండు," అన్నాడు బాస్కిన్ తల ఎత్తకుండానే. "బయటివాళ్లు తాడు దాటకూడదు. నియమం నువ్వు పెట్టిందే."

గ్యాడ్సన్ తాడు వదిలేశాడు.

"నా దగ్గర్నుంచి కృతజ్ఞతలు కావాలని వస్తే, లేవు."

"దానికి రాలేదు."

"మరి దేనికొచ్చావు?"

గ్యాడ్సన్ చేయి మెడ ఎముక దగ్గరికి వెళ్లింది. అక్కడ తోలు లేచిపోయి చొక్కా అంటుకుంటోంది. బాస్కిన్ అప్పుడు చూశాడు.

"భుజం మీద మోశావు. మొదటిసారి అందరూ అలాగే మోస్తారు. బోర్లించి తల మీద పెట్టుకోవాలి. పట్టీలు ముందుకు వదిలేసి."

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్తారు? రెండోసారికి తెలుస్తుంది."

"నువ్వెన్నిసార్లు మోశావు?"

బాస్కిన్ గుడ్డ పిండాడు. నీళ్లు ఇంకా నల్లగానే కారాయి. "నాలుగు. నాలుగూ నీ చేతిరాతే."

గ్యాడ్సన్ గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. దళం నది దాటిన ఏడాదిలో ఒకటి గుర్తొచ్చింది. బాస్కిన్ అప్పుడు జ్వరంతో ఉన్నాడేమో, రెండుసార్లు కూలబడ్డాడు. మిగతావి రాలేదు. పుస్తకం తేదీ కూడా చెబుతుంది, పేజీ కూడా కళ్ల ముందు కదిలింది. మనిషి మాత్రం కనబడలేదు.

"ఒకటే గుర్తుంది," అన్నాడు. "మిగతా మూడూ చెప్పు."

బాస్కిన్ మొదటిసారి అతని ముఖంలోకి చూశాడు. ఆ చూపులో మెత్తదనం లేదు. ఎగతాళి చేయడానికి వీలైన చోటు ఎక్కడుందా అని వెతికినట్టు చూశాడు. గేటు దగ్గర బండివాడు గ్యాడ్సన్ పేరు పెట్టి ఒకసారి కేకేశాడు.

"బండి పోతుంది," అన్నాడు బాస్కిన్.

"పోనీ."

బాస్కిన్ గుడ్డను మళ్లీ నీళ్లలో ముంచి, పుండు అంచు దగ్గర మొదలుపెట్టాడు. "మొదటిది ఆగస్టులో," అన్నాడు గుర్రం వైపే చూస్తూ. "ఆ రోజు తప్పు నాది కాదు."

తాడుకు ఇవతల నిలబడి గ్యాడ్సన్ విన్నాడు.